సంతకం చేసినంక జవాబు చెప్పాలె

కాచిగూడ స్టేషన్‌కు దగ్గర్లో ఒక ఇల్లు. మామ పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. మేనకోడలు హైకోర్టు వకీలు. సాయంత్రాలు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ అభ్యర్థులకు రాజ్యాంగం పాఠాలు చెబుతుంది. అంతర్జాతీయ మానవ హక్కుల ఒప్పందాలతో మనకు పని ఉందా లేదా అన్న దగ్గర ఇద్దరికీ వాదన పడింది. ఇద్దరిలో ఎవరి మాటనూ తేలిగ్గా తీసిపారేయలేం కనుక రెండు వైపులా ఇక్కడ పెడుతున్నాను.

మామ: ఇయ్యాల ఏం పాఠం చెప్పినవు బిడ్డా?

కోడలు: 51(సి) అధికరణం మామా. అంతర్జాతీయ ఒప్పందాల బాధ్యతలను గౌరవించేటట్టు రాజ్యం పాటుపడాలని చెప్తది గదా, అది. దాని ఎంబడే 253 కూడా చెప్పిన. ఒప్పందాన్ని అమలు చేసేటందుకు పార్లమెంటు చట్టం చేయొచ్చని. చిక్కడపల్లి లైబ్రరీల పొద్దంత కూర్చొని చదివే పిల్లగాడొకడు లేచి అడిగిండు: ‘మేడమ్, మన ఠాణాల ఒక మనిషిని కొట్టి చంపితే జెనీవా నుంచి ఎవరన్న వస్తరా?’ అని.

మామ: ఏం చెప్పినవు?

కోడలు: ఎవరూ రారని చెప్పిన. అక్కడ ఆపితే సగమే చెప్పినట్టు. మిగతా సగం రేపు చెప్పాలె.

మామ: ఆ మిగతా సగం ఏందో నాకు చెప్పు. నేను ముప్పై ఏండ్లకు పైగా ఖాకీ తొడుక్కున్న. ఐపీసీ తెలుసు, సీఆర్పీసీ తెలుసు. ఆ ఒడంబడికల పేరు ఒక్క ఎస్ఐ నోట వినలేదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక మీద మన దేశం చేరిక పత్రం ఇచ్చింది 1979 ఏప్రిల్ 10న. ఆ తెల్లారి ఏ ఠాణాల ఏం మారింది? జెనీవాల ఐక్యరాజ్యసమితి కమిటీల 18 మంది నిపుణులు కూర్చుంటరు, దేశాలు నివేదికలు పంపుతయి, వాళ్లు సిఫార్సులు రాస్తరు. మన మూడో నివేదిక మీద 1997లో చర్చ అయింది. నాలుగోదాని మీద ఎప్పుడైంది? 2024 జులైల. ఇరవై ఏడేండ్లు! ఇరవై ఏడేండ్లకోసారి అడిగేటోనికి ఎవరు భయపడ్తరు?

కోడలు: ఆ లెక్క నిజమే. దాన్ని నేను సమర్థించను. పైగా ఆ ఒడంబడికకు ఒక ఐచ్ఛిక ప్రోటోకాల్ ఉంది. దాంట్లో చేరిన దేశాల పౌరులు తమ దేశంలో న్యాయం దొరకకపోతే నేరుగా ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. నేపాల్ చేరింది, శ్రీలంక చేరింది. మనం చేరలేదు.

మామ: శ్రీలంక చేరితే ఏమైంది? ఒక తమిళ ఖైదీ ఫిర్యాదు చేసిండు. బలవంతంగ తీసుకున్న వాంగ్మూలం మీద శిక్ష వేసిన్రని 2004లో కమిటీ అతని దిక్కే చెప్పింది. 2006లో వాళ్ల సుప్రీంకోర్టు ఏమన్నది? అసలు ఆ ప్రోటోకాల్‌ల చేరుడే మా రాజ్యాంగానికి విరుద్ధం అన్నది. ఖైదీకి ఏమొచ్చింది? అందుకే చెప్తున్న. మనకు రాజ్యాంగం ఉన్నది, 21వ అధికరణం ఉన్నది, అవి చాలు. చల్లా రామకృష్ణారెడ్డి కేసు నువ్వు చదివే ఉంటవు. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులేసిన్రు. లోపల ఉన్న ఖైదీ చచ్చిపోయిండు, కొడుక్కు గాయాలైనయి. కాపాడే బాధ్యత సర్కారుదేనని, సార్వభౌమాధికారం పేరు చెప్పి తప్పించుకోవద్దని మన హైకోర్టే అన్నది. 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. దానికి జెనీవా కావాల్సి వచ్చిందా?

కోడలు: అది గొప్ప తీర్పు. గానీ ఘటన జరిగింది 1977లో, ఆఖరి మాట వచ్చింది 2000లో. ఆ నడుమ కోర్టుల ఆలోచన ఎట్ల నడిచిందో చూడు మామా. మనం ఒడంబడికలో చేరినప్పుడు కేంద్రం ఒక మినహాయింపు రాసుకున్నది. అక్రమంగా నిర్బంధిస్తే పరిహారం పొందే హక్కు భారత న్యాయవ్యవస్థలో లేదని. 1993లో నీలాబతి బెహెరా కేసు వచ్చింది. ఒడిశాలో పోలీసులు పట్టుకపోయిన యువకుని శవం రైలు పట్టాల మీద దొరికింది. సుప్రీంకోర్టు ఆ తల్లికి లక్షా యాభై వేలు ఇప్పించింది. పరిహారం ఇచ్చే అధికారం తనకు ఉందని చెప్పేటప్పుడు ఒడంబడికలోని తొమ్మిదో అధికరణం ఐదో భాగాన్ని కూడా చూపించింది. 1996 డిసెంబర్ 18న డి.కె. బసు తీర్పులో ఇంకో అడుగు ముందుకేసి, కేంద్రం రాసుకున్న ఆ మినహాయింపుకు ఇప్పుడు విలువ లేదన్నది. సర్కారు తనకోసం పెట్టుకున్న అడ్డును మన కోర్టే పక్కకు జరిపింది.

మామ: అదే నేనూ చెప్పేది. జరిపింది మన కోర్టు.

కోడలు: కోర్టు చేతికి ఆధారం కావాలె గదా. 1997 ఫిబ్రవరిలో మణిపూర్ బూటకపు ఎన్‌కౌంటర్ కేసులో తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసి పోయిన మనిషి. ప్రాథమిక హక్కులకు అర్థం విడమరిచి, వాటిని ఇంకా బలంగా అమలు చేయించే ఒడంబడిక నిబంధనలను ఆ హక్కుల్లో భాగంగానే కోర్టులు తీసుకోవచ్చని అన్నడు. ఒప్పందం మన కోర్టులోకి వచ్చే తొవ్వ అదే.

మామ: తొవ్వ ఉన్నదంటవు. జాలీ జార్జ్ వర్గీస్ కేసుల 1980లనే కృష్ణయ్యర్ ఏమన్నడు? చట్టం మార్చేదాక ఒడంబడిక తనంతట తాను మన చట్టం కాదన్నడు.

కోడలు: అన్నడు. అదే తీర్పులో, కట్టే స్థోమత లేనోన్ని అప్పు కోసం జైల్లో వేయొద్దని ఒడంబడిక చెప్పిన మాటను బట్టి మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు అర్థం చెప్పిండు. చట్టం మనదే. దాన్ని ఎట్ల చదవాలన్న దగ్గర ఒప్పందం పనికొచ్చింది.

మామ: సరే, కోర్టుల సంగతి ఒప్పుకుంటున్న. ఠాణా సంగతి చెప్పు. పేదోడు కోర్టు దాక ఎప్పుడు వస్తడు?

కోడలు: ఠాణా అంటే దూరం పోవద్దు. బర్కత్‌పుర దాటితే నల్లకుంట. 1978 మార్చిలో నల్లకుంట ఠాణాలో ఏం జరిగిందో నీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

మామ: తెలుసు. రాత్రిపూట సినిమా చూసి వస్తున్న భార్యాభర్తలను పట్టుకపోయిన్రు. ఠాణాల ఆమె మీద అత్యాచారం జరిగింది. అడ్డం పోయిన భర్తను కొట్టి చంపిన్రు. పట్నం అట్టుడికింది. కర్ఫ్యూ పెట్టిన్రు, కాల్పులు జరిగినయి, జనం చచ్చిపోయిన్రు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసిన్రు. పోలీసులు దోషులేనని కమిషన్ తేల్చింది.

కోడలు: తర్వాత?

మామ: కేసు కర్ణాటకకు, రాయచూర్‌కు బదిలీ అయింది. అక్కడ అందరు నిర్దోషులుగ బయటపడ్డరు.

కోడలు: రాజ్యాంగం అప్పుడూ ఉన్నది. ఐపీసీ ఉన్నది. కమిషన్ నిజం చెప్పింది. శిక్ష పడలేదు. ఎందుకు పడలేదంటవు?

మామ: సాక్ష్యం. లాకప్‌ల జరిగినదానికి సాక్షులు పోలీసులే. పోలీసు మీద పోలీసు సాక్ష్యం చెప్పడు. అది నేను కండ్లార చూసిన సంగతి. నిందితులదీ, దర్యాప్తు చేసేటోళ్లదీ ఒకటే బట్ట.

కోడలు: 1985లో లా కమిషన్ తన 113వ నివేదికలో పట్టుకున్నది అదే విషయం. కస్టడీలో గాయాలైతే ఆ పోలీసులే చేసిన్రని కోర్టు భావించేందుకు వీలుగా సాక్ష్యాల చట్టంలో కొత్త సెక్షన్ పెట్టమన్నది. పార్లమెంటు పెట్టలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలోని పన్నెండో అధికరణం కూడా ఆ చిక్కు గురించే చెప్తది. హింస జరిగిందని అనుమానించే కారణం ఉంటే సాలు, వెంటనే, నిష్పక్షపాతంగా దర్యాప్తు చేయాలని. మనం ఆ ఒప్పందం మీద 1997 అక్టోబర్ 14న సంతకం పెట్టినం. ఇంతవరకు ధ్రువీకరించలేదు. 170కి పైగా దేశాలు అందులో ఉన్నయి. మనం సంతకం దగ్గరనే ఆగినం.

మామ: బిల్లు తెచ్చిన్రు గదా?

కోడలు: తెచ్చిన్రు. 2010 మేలో లోక్‌సభ పాస్ చేసింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది. ఆ లోక్‌సభ గడువు తీరంగనే బిల్లు మురిగిపోయింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికలో ధ్రువీకరించమని చెప్పి, ముసాయిదా బిల్లు కూడా రాసిచ్చింది. దాని మీద ఇప్పటికీ చట్టం రాలేదు. మనకే నష్టం మామా. పురూలియాలో ఆయుధాలు జారవిడిచిన కేసులో కిమ్ డేవీని అప్పగించమని డెన్మార్క్‌ను అడిగితే, 2011లో అక్కడి కోర్టు ఒప్పుకోలేదు. ఇండియాకు పంపితే చిత్రహింసలు పెట్టే ప్రమాదం ఉందన్నది. 2024లోనూ అక్కడి కోర్టు మళ్లీ కాదన్నది. ఠాణాలో కొట్టుడును నేరమని గట్టిగ రాసుకోకపోతే, మన దేశం మీద కుట్ర చేసినోన్ని కూడా మనం తెచ్చుకోలేం.

మామ: ఆ మాట నన్ను ఆలోచనల పడేస్తున్నది. గానీ ఇంకో మాట నా గుండెల ఉన్నది, అది చెప్పనియ్. 1993 జనవరిల ఎల్బీ స్టేడియంల మా పోలీసు అధికారి వ్యాస్‌ను నక్సలైట్లు కాల్చి చంపిన్రు. 1999ల ఎస్ఆర్ నగర్‌ల ఇంకో అధికారి ఉమేశ్‌చంద్రను పట్టపగలు చంపిన్రు. మందుపాతరలకు ఎగిరిపోయిన కానిస్టేబుళ్లు ఎంతమంది! వాళ్లకు హక్కుల్లేవా? మీ ఒడంబడికలు సర్కారునే అడుగుతయి. తుపాకి పట్టి అడవిల ఉన్నోన్ని అడగవు.

కోడలు: వాళ్లను చంపుడు హత్య. దాన్ని హత్య అని పిలిచేందుకు, చంపినోన్ని పట్టుకొని శిక్షించేందుకు రాజ్యానికి అన్ని అధికారాలు ఉన్నయి. ఆ అధికారాలు ఉన్నందుకే రాజ్యం జవాబు చెప్పాలె. హక్కుల ఉద్యమంలోనూ ఈ ప్రశ్న లేవకపోలేదు. నక్సలైట్ల హింసను కూడా ప్రశ్నించాలని పట్టుబట్టినోడు బాలగోపాల్. ఆ చర్చలోంచే ఆయనా, మరికొందరూ పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టిన్రు. రెండు దిక్కులా అడిగిన మనుషులు మన పట్నంలోనే ఉన్నరు.

మామ: బాలగోపాల్ మీద నాకు గౌరవమే ఉన్నది. వకీలు కన్నబిరాన్ మీద కూడ. ఎమర్జెన్సీ నాటి గిరాయిపల్లి ఎన్‌కౌంటర్ మీద భార్గవ కమిషన్ కూర్చున్నప్పుడు ఆయన అడిగిన ప్రశ్నలకు మా డిపార్ట్‌మెంట్ పెద్దలకు చెమటలు పట్టినయని చెప్పుకునేది. గానీ ఆ కమిషన్ పని కూడ నడిమిట్లనే ఆగిపోయె గదా?

కోడలు: ఆగిపోయింది. గానీ ప్రశ్న ఆగలేదు. నా పిల్లలకు రేపు చెప్పాలన్న సగం ఇదే, విను. 1993లో మానవ హక్కుల పరిరక్షణ చట్టం వచ్చింది. మానవ హక్కులంటే ఏందో ఆ చట్టం చెప్పేటప్పుడు రాజ్యాంగం ఇచ్చిన హక్కులతోపాటు, అంతర్జాతీయ ఒడంబడికల్లో ఉండి మన కోర్టులు అమలుచేయగల హక్కులను కూడా లెక్కలోకి తీసుకున్నది. ఆ చట్టం కింద పుట్టిన జాతీయ కమిషన్ ముందుకు మన రాష్ట్ర పౌరహక్కుల సంఘం ఎన్‌కౌంటర్ల మీద ఫిర్యాదు తీసుకపోయింది. 1996 నవంబర్ 5న జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన కమిషన్ ఆదేశం ఇచ్చింది. అప్పటిదాక ఏం చేస్తుండె మన పోలీసులు?

మామ: దాచేదేమున్నది? చచ్చినోని మీదనే 307 కింద హత్యాయత్నం కేసు పెడుదురు. నిందితుడు మరణించిండు గనుక కేసు ముగిసిందని ఫైలు మూసేద్దురు. కాల్చినోడు ఎందుకు కాల్చిండో అడిగేటోడే ఉండకపోవు.

కోడలు: కమిషన్ సరిగ్గా దాన్నే తప్పుబట్టింది. ఆత్మరక్షణ కోసం కాల్చినమని పోలీసులు చెప్పినంత మాత్రాన సరిపోదు, అది దర్యాప్తులో తేలాలన్నది. కాల్పుల్లో పాల్గొన్న ఠాణావాళ్లే దర్యాప్తు చేయొద్దు, సీఐడీ వంటి వేరే సంస్థకు ఇయ్యాలన్నది. 1997 మార్చి 29న అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఆ పద్ధతినే పాటించమని లేఖ పోయింది. ఇక్కడి ఫిర్యాదు దేశమంతటికీ నియమమైంది.

మామ: కాగితం మీద నియమమైంది. కమిషన్ సిఫార్సులే చేస్తది, హుకుం ఇయ్యలేదు. ఏడాది దాటిన ఫిర్యాదు తీసుకోదు. సైన్యం మీద నేరుగ విచారించలేదు. దర్యాప్తుకు పోయేది మళ్లా డిప్యుటేషన్ మీద వచ్చిన పోలీసోళ్లే.

కోడలు: నువ్వు చెప్పిన ఆఖరి మాటనే బయటి ప్రపంచం కూడా పట్టుకున్నది. మానవ హక్కుల సంస్థలకు గుర్తింపు ఇచ్చే అంతర్జాతీయ కూటమి మన జాతీయ కమిషన్ గుర్తింపును 2023లో వాయిదా వేసింది, 2024లో మళ్లీ వాయిదా వేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి, పోలీసుల మీద దర్యాప్తుకు పోలీసులనే వాడుడు. నువ్వు కాచిగూడలో కూర్చొని అన్న మాట జెనీవాలో రాతపూర్వకంగా ఉన్నది మామా.

మామ: అయితే చెప్పు, రూలు కఠినం చేస్తే ఆగుతదా? 2009 ఫిబ్రవరి 6న మన హైకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి తీర్పిచ్చింది. ప్రతి ఎన్‌కౌంటర్ చావు మీద ఎఫ్ఐఆర్ కావాలె, ఆత్మరక్షణ నిజమా కాదా కోర్టే తేల్చాలె అన్నది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టే పదహారు మార్గదర్శకాలు పెట్టింది. ఐదేండ్లకు ఏమైంది? 2019 డిసెంబర్ 6. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిల, ఒక ఆడబిడ్డ మీద అత్యాచారం, హత్య కేసుల పట్టుకున్న నలుగురిని పోలీసులు కాల్చి చంపిన్రు. జనం పోలీసుల మీద పూలు చల్లిన్రు. జనం కోరుకున్నదే చేస్తే తప్పెట్ల అయితది?

కోడలు: ఆ ఆడబిడ్డకు జరిగిన ఘోరానికి నా కడుపు ఇప్పటికీ మండుతది. జనం కోపం నిజమైనది. అయినా ఆ నలుగురే దోషులని కోర్టు ముందు రుజువయ్యే అవకాశం ఆ పొద్దు పోయింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం తేల్చింది? చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చిన్రని. చనిపోయినోళ్లలో ముగ్గురు మైనర్లని. పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని. 1978లో పట్నం నల్లకుంట పోలీసుల మీద లేచింది, 2019లో పూలు చల్లింది. జనం మనసు మారుతది. ఒడంబడికలోని ఆరో అధికరణం, ఎవరి ప్రాణాన్నీ ఇష్టానుసారం తీయొద్దన్న మాట, రెండు రోజులకూ ఒకటే. జనం ఏ దిక్కున్నా ఒకటే కొలత ఉండాలని గదా రాతకోతలు పెట్టుకునేది.

మామ: (కాసేపాగి) ఒక పోలీసుగ నాకు ఇంకో బాధ ఉన్నది. నిజంగ ప్రాణం మీదికొచ్చి కాల్చినోడు కూడ ఉంటడు. నాకు తెలిసినోళ్లు ఉన్నరు. ఇయ్యాల వాడు నిజం చెప్పినా ఎవరు నమ్ముతలేరు. ఎందుకంటె దొంగ ఎన్‌కౌంటర్ల కథ, నిజమైన కథ ఒక్కతీరుగనే రాసి ఉంటది ఎఫ్ఐఆర్‌ల. మా డిపార్ట్‌మెంటే విచారణ చేసి క్లీన్ చిట్ ఇస్తే ఆ కాగితానికి విలువ లేదు. బయటోళ్లు విచారణ చేసి నిర్దోషి అంటే వాని పిల్లలు తలెత్తుకొని బడికి పోతరు.

కోడలు: దాన్నే ఒప్పందం భాషలో నిష్పక్షపాత దర్యాప్తు అంటరు. చనిపోయినోని కుటుంబానికీ, నిజాయితీగల పోలీసుకూ ఒకే రక్షణ అది.

మామ: ఆ దగ్గర మనిద్దరిది ఒకటే మాట. అయినా నా అభ్యంతరం పోలేదు. అది ఎక్కడ్నుంచో రావద్దు. మన పార్లమెంటు చేయాలె, మన జనం అడిగి చేయించుకోవాలె. బయటోడు చెప్తే చేసిన పనికి వేరు ఉండదు.

కోడలు: ధ్రువీకరించాలా వద్దా అని నిర్ణయించేది మన సర్కారే, చట్టం చేసేది మన పార్లమెంటే. ఏ ఒప్పందమూ మన మీద ఎవరూ రుద్దలేదు, మనమే పోయి సంతకం పెట్టినం. సంతకం చేసినంక జవాబు చెప్పాలె, అంతే. అడిగేటోడు లేకపోతే మాత్రం ఆ సంతకానికి ఏ బలమూ లేదని ఒప్పుకుంటున్న. ఆడవాళ్ల మీద వివక్షను నిర్మూలించే ఒప్పందాన్ని 1993లో ధ్రువీకరించినం. 1997లో విశాఖ తీర్పు దాన్ని ఆధారం చేసుకొని పని స్థలాల్లో లైంగిక వేధింపులకు మార్గదర్శకాలు పెట్టింది. చట్టం 2013లో వచ్చింది. పదహారేండ్లు ఆ మార్గదర్శకాలే చట్టంగా నిలబడ్డయి, ఎందుకంటే ఉద్యోగం చేసే ఆడవాళ్లు, వాళ్ల సంఘాలు వాటిని ప్రతి ఆఫీసులో అడిగిన్రు.

మామ: అంటే నువ్వు చెప్పేది, ఒప్పందం కాపాడది, దాన్ని పట్టుకొని అడిగేటోడు కాపాడ్తడని.

కోడలు: అదే. పౌరహక్కుల సంఘం అడిగింది గనుక 1996 ఆదేశం వచ్చింది. అడిగేటోళ్లు గట్టిగ లేనిచోట నియమం ఫైల్లో పడి ఉన్నది.

మామ: అయితే నీ పిల్లగానికి రేపు నా మాటగ కూడ చెప్పు. జెనీవా నుంచి ఎవరు రారు. వాడు గ్రూప్-1 కొట్టి డీఎస్పీ అయితే, లాకప్‌ల ఒక మనిషి చచ్చిపోయిన పొద్దు ముందుగ నిర్ణయం తీసుకోవాల్సింది వాడే. పై ఆఫీసర్‌కు ఫోన్ చేసి ‘ఈ దర్యాప్తు మా జిల్లావాళ్లు చేయొద్దు సార్’ అని చెప్పే ధైర్యం వానికి కావాలె.

కోడలు: ఆ ధైర్యం ఒక్కని మంచితనం మీద ఆధారపడొద్దనే చట్టం అడుగుతున్న మామా. మంచి డీఎస్పీ బదిలీ అయిపోతడు, చట్టం ఉంటది. 1997 నాటి సంతకం ఇంకా ధ్రువీకరణ కోసం చూస్తున్నది, లా కమిషన్ రాసిచ్చిన బిల్లు చేతిలో ఉన్నది. పోలీసు కస్టడీలో చనిపోయిన మనిషి కేసును ఆ పోలీసులతోని ఏ సంబంధం లేనివాళ్లే దర్యాప్తు చేయాలె. ఈ ఒక్క వాక్యం చట్టంలో పడేదాక ఓటు అడగొచ్చే ప్రతి అభ్యర్థినీ, మన నియోజకవర్గం ఎంపీతో మొదలుపెట్టి, అడుగుదాం. నువ్వు కూడా రా. ఖాకీ తొడిగిన మనిషి అడిగితే ఆ మాటకు ఇంకా బరువుంటది.

మామ: వస్త. జెనీవా కోసమైతే వచ్చేటోన్ని కాదు. నల్లకుంట కోసం వస్త.